లో గేర్ లెక్క: పాత జిప్సీకి ట్రాన్స్‌ఫర్ కేస్ మారిస్తే ఏమవుతుంది?

ఘాట్ రోడ్డు దిగి ఆగిన పాత జీపు పక్కన నిలబడితే ఒక్కోసారి ఘాటైన వాసన వస్తుంది. అది వేడెక్కిన బ్రేకులది. దారి పొడవునా డ్రైవర్ బ్రేకు మీద కాలు తీయకుండా వచ్చాడనడానికి అదే సాక్ష్యం. అదే దారిలో అదే బరువుతో మరో బండి బ్రేకును అప్పుడప్పుడే తాకుతూ నడక వేగంతో దిగివస్తుంది. రెండింటికీ తేడా బ్రేకుల్లో లేకపోవచ్చు. సీట్ల కింద, గేర్‌బాక్స్ వెనకాల ఉన్న ఓ పెట్టెలో ఉండవచ్చు. దాని పేరు ట్రాన్స్‌ఫర్ కేస్. ట్రాన్స్‌ఫర్ బాక్స్ అనీ అంటారు.

మన దేశంలో ఫోర్ వీల్ డ్రైవ్ పాత బండ్లు ఇంకా పనిలోనే ఉన్నాయి. బొర్రా గుహల ప్రాంతం నుంచి కటికి జలపాతానికి రాళ్ల దారిలో పర్యాటకులను తీసుకెళ్లేవి జీపులే. కాన్హా, రణథంబోర్, జిమ్ కార్బెట్ వంటి చోట్ల పులుల సఫారీ అనగానే గుర్తొచ్చేది మారుతీ జిప్సీ. 1985లో మార్కెట్‌లోకి వచ్చిన జిప్సీ మామూలు కొనుగోలుదారులకు 2019 నాటికి దొరకకుండా పోయింది. బండ్లు మిగిలాయి, విడిభాగాలు తగ్గుతున్నాయి. అందుకే ట్రాన్స్‌ఫర్ కేస్ అరిగిపోయినప్పుడు చాలామంది మరో బండి నుంచి తీసినదాన్ని తెచ్చి బిగిస్తారు. కొందరైతే పాతది బాగానే ఉన్నా, ఇంకా బలం రావాలని వేరే రకం పెట్టెను వెతుక్కుంటారు.

ఆ మాటతోనే పొరపాటు మొదలవుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ మార్చినంత మాత్రాన ఇంజిన్ శక్తి ఒక్క వాట్ కూడా పెరగదు. పెరిగేది నిదానం. ఆ నిదానం ఎంత, దానికి ఇచ్చే మూల్యం ఎంత అన్నది స్పానర్ పట్టుకునే ముందే కాగితం మీద తేలిపోయే లెక్క.

పెట్టెలో ఏముంది?

ఇంజిన్ తిప్పే బలం క్లచ్ దాటి గేర్‌బాక్స్‌లోకి వస్తుంది. మామూలు కారులో అక్కడి నుంచి నేరుగా ఒక జత చక్రాలకు పోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఆ బలాన్ని ముందు యాక్సిల్‌కూ వెనక యాక్సిల్‌కూ పంచే పని ట్రాన్స్‌ఫర్ కేస్‌ది. దాని రెండో పని హై, లో అనే రెండు వరుసల గేర్లు ఇవ్వడం. అంటే అయిదు గేర్ల బండికి లెక్క ప్రకారం పది గేర్లు ఉన్నట్టే.

రెండో ప్రపంచ యుద్ధంలో 1941 నుంచి తయారైన విల్లిస్ జీపులో ఈ పెట్టె గేర్‌బాక్స్ వెనక్కి అతికించినట్టు ఉండేది. దాని లో గేర్ నిష్పత్తి 1.97. అంటే లోపలికి వచ్చే షాఫ్ట్ దాదాపు రెండు చుట్లు తిరిగితే బయటికి వెళ్లే షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. వేగం సగమవుతుంది, తిప్పే బలం, అంటే టార్క్, దాదాపు రెట్టింపవుతుంది. పొడవాటి గడ్డపారతో బండరాయిని లేపేటప్పుడు చెయ్యి ఎక్కువ దూరం కదిలి రాయి కొద్దిగానే కదలడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. గేరు అంటే గుండ్రంగా తిరిగే గడ్డపార. శక్తి అంటే టార్క్‌ను తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది. ఒకటి పెరిగితే రెండోది ఆ మేరకు తగ్గాల్సిందే. పైగా పళ్ల రాపిడికీ నూనెను చిలకడానికీ కొంత శక్తి పోతుంది కూడా.

జిప్సీ పెట్టె అమరిక వేరు. అది గేర్‌బాక్స్‌కు అతికి ఉండదు. కొంచెం వెనకాల, ఛాసిస్‌కు రబ్బరు బుష్‌ల మీద విడిగా వేలాడుతుంది. గేర్‌బాక్స్‌కూ దానికీ మధ్య ఒక పొట్టి షాఫ్ట్ ఉంటుంది. దాని నుంచి ముందుకొకటి, వెనక్కొకటి ప్రొపెల్లర్ షాఫ్టులు బయల్దేరతాయి. గేర్‌బాక్స్‌ను కదిలించకుండానే పెట్టెను దించగలగడం ఈ అమరికతో వచ్చే లాభం. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ మార్పిడి అంత ప్రచారంలో ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

రెండు పెట్టెలు, రెండు లెక్కలు

సుజుకి ఈ కుటుంబంలో రెండు రకాల ట్రాన్స్‌ఫర్ కేసులు చేసింది. చిన్న ఇంజిన్ ఉన్న 410 రకంలో హై నిష్పత్తి 1.580, లో నిష్పత్తి 2.511. పెద్ద ఇంజిన్ ఉన్న 413 రకంలో హై 1.409, లో 2.268. మన దగ్గర 1996లో వచ్చిన 1,298 సీసీ జిప్సీ కింగ్‌లో ఉండేది రెండో రకం. ఇంజిన్ బలహీనంగా ఉన్న బండికి ఎక్కువ నిష్పత్తి, బలంగా ఉన్నదానికి తక్కువ నిష్పత్తి ఇచ్చారన్నమాట. హై గేర్‌లో కూడా 1 అన్న నిష్పత్తి లేదన్నది గమనించాలి. ఈ పెట్టె ఎప్పుడూ ఎంతో కొంత వేగం తగ్గిస్తూనే ఉంటుంది.

కింగ్‌లో 410 రకం పెట్టె బిగించడం బాగా పేరున్న మార్పిడి. దాని ఫలితం ఎంతో చూద్దాం. కింగ్ ఫస్ట్ గేర్ నిష్పత్తి 3.652. యాక్సిల్ నిష్పత్తిని లెక్క సులువు కోసం 4 అనుకుందాం. పాత పెట్టెతో లో ఫస్ట్‌లో మొత్తం నిష్పత్తి 3.652, 2.268, 4ల లబ్ధం, అంటే దాదాపు 33. ఇంజిన్ 33 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. కొత్త పెట్టెతో ఇది దాదాపు 36.7 అవుతుంది.

ఒక్క చుట్టుకు టైరు సుమారు 2.1 మీటర్లు దొర్లుతుంది. ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే హై ఫస్ట్‌లో బండి గంటకు 5.5 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. లో ఫస్ట్‌లో పాత పెట్టెతో 3.4, కొత్త పెట్టెతో 3.1 కిలోమీటర్లు. ఇంత శ్రమకు దక్కింది గంటకు 300 మీటర్ల తేడా! శాతంలో చెబితే దాదాపు 11.

మరి దీనికి అంత పేరెందుకు? చాలా బండ్లకు యజమానులు అప్పటికే పెద్ద టైర్లు వేసి ఉంటారు. టైరు వ్యాసం 12 శాతం పెరిగితే నేల మీద పడే తోపుడు బలం దాదాపు 11 శాతం తగ్గుతుంది. అదే టార్క్ ఇప్పుడు పొడవైన వ్యాసార్ధం మీద పనిచేస్తోంది కాబట్టి. 410 పెట్టె ఆ పోయినదాన్ని దాదాపు అంతే తిరిగి ఇస్తుంది. టైర్ల దగ్గర పోగొట్టుకున్నదాన్ని పెట్టె దగ్గర రాబట్టుకోవడమే ఈ మార్పిడి అసలు ప్రయోజనం. టైర్లు మార్చకుండా పెట్టె ఒక్కటే మారిస్తే దెబ్బ హైవే మీద తగులుతుంది. అయిదో గేర్‌లో 80 కిలోమీటర్ల వేగానికి ఇంతకుముందు ఇంజిన్ నిమిషానికి సుమారు 2,850 చుట్లు తిరిగేది. ఇప్పుడు 3,200 తిరగాలి. మోత పెరుగుతుంది, పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది.

అమెరికాలో సుజుకి బండ్లతో బండరాళ్లెక్కే ఔత్సాహికులు లో నిష్పత్తి 4.16 ఉండే ప్రత్యేక గేర్లు కూడా వాడతారు. మన లెక్కలో పెడితే బండి గంటకు 2 కిలోమీటర్ల లోపు వేగంతో కదులుతుంది. రాయి మీద చక్రాన్ని అంగుళం అంగుళం పేర్చాలంటే అది పనికొస్తుంది. ఊరి నుంచి కొండకూ కొండ నుంచి ఊరికీ తిరిగే బండికి దాని అవసరం అరుదు.

ఎక్కడం కాదు, దిగడం

లో గేర్ అనగానే ఎత్తు ఎక్కడమే గుర్తొస్తుంది. దాని విలువ ఎక్కువగా తెలిసేది దిగేటప్పుడే.

మనుషులతో కలిపి 1,400 కిలోల బండి 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకుందాం. బరువు, గురుత్వ త్వరణం, ఎత్తు గుణిస్తే దాని నుంచి విడుదలయ్యే స్థితిశక్తి దాదాపు 69 లక్షల జౌళ్లు. 22 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి సరిపోయే వేడి అది. బండి వేగం పెరగకూడదంటే ఈ శక్తి అంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. గాలి నిరోధం, టైర్ల రాపిడి తినేది కొంతే. మిగతాది బ్రేకుల మీద పడుతుంది.

బ్రేకులు ఎర్రగా కాగడం ఒక్కటే ప్రమాదం కాదు. పైపుల్లో ఉండే బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ ప్రమాణం 140 డిగ్రీలే. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం ఒత్తిడికి కుదించుకోదు, బుడగ కుదించుకుంటుంది. డ్రైవర్ పెడల్ తొక్కితే ఆ తొక్కుడంతా బుడగలను నలపడానికే సరిపోతుంది. కాలు కిందికి పోతుంది, బండి ఆగదు. ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అనే వార్తల వెనక ఉండగల కారణాల్లో ఇదొకటి.

లో గేర్‌లో దిగితే ఈ వేడిలో పెద్ద వాటా ఇంజిన్ తీసుకుంటుంది. ఆక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్ ఒక పంపులా మారుతుంది. గాలిని లాగడానికీ నెట్టడానికీ, లోపలి రాపిడికీ శక్తి కావాలి. ఆ శక్తి చక్రాల నుంచి వెనక్కి వస్తుంది. చివరికి సైలెన్సర్ ద్వారానూ రేడియేటర్ ద్వారానూ వేడిగా బయటికి పోతుంది. ఇంజిన్ ఇచ్చే ఆ నిరోధాన్ని ట్రాన్స్‌ఫర్ కేస్ గుణించి చక్రాలకు పంపుతుంది. హై నుంచి లోకి మారితే జిప్సీ కింగ్‌లో ఈ పట్టు కనీసం 1.6 రెట్లవుతుంది.

అయితే లోకి మారాల్సింది వాలు మొదలవక ముందు, బండి ఆపి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగుతూ లో ఫస్ట్‌లో క్లచ్ వదిలితే చక్రాలు ఇంజిన్‌ను నిమిషానికి 10,000 చుట్లకు పైగా తిప్పాలని చూస్తాయి. ఈ ఇంజిన్ గరిష్ఠ శక్తి ఇచ్చేదే 6,000 దగ్గర. అంతకుమించి తిప్పితే వాల్వులూ పిస్టన్లూ మిగలవు.

అరిగిన ట్రాన్స్‌ఫర్ కేస్ ప్రమాదమూ ఇక్కడే ఉంది. పళ్లు, సెలెక్టర్ ఫోర్క్ అరిగిన పెట్టెలో లో గేర్ ఒత్తిడికి తనంతట తానే జారి న్యూట్రల్‌లో పడవచ్చు. వాలు మధ్యలో అలా జరిగితే ఇంజిన్ పట్టు ఒక్కసారిగా పోతుంది. లివర్ ఎగిరి బయటికి వస్తోందంటే, దాన్ని చేత్తో పట్టుకుని నడిపే అలవాటు చేసుకోకూడదు. అది మరమ్మతుకు పిలుపు.

కొనేముందు చుట్లు లెక్కపెట్టండి

పాత సామాను దుకాణంలో పెట్టె దొరికినప్పుడు అది ఏ రకమో పైకి చూసి చెప్పడం కష్టం. లోపలి గేర్లు ఎవరైనా మార్చి ఉండవచ్చు కూడా. దీనికి విప్పకుండా చేసే పరీక్ష ఉంది. లివర్‌ను హైలో పెట్టి, బయటికి వెళ్లే ఫ్లాంజ్ మీద సుద్దముక్కతో గీత గీయాలి. లోపలికి వచ్చే ఫ్లాంజ్‌ను చేత్తో తిప్పుతూ, గీత పది చుట్లు పూర్తిచేసేలోపు ఎన్నిసార్లు తిప్పారో లెక్కపెట్టాలి. 14 చుట్లయితే 413 రకం. 16కు కొద్దిగా తక్కువయితే 410 రకం. లోలో అదే లెక్క దాదాపు 23, 25 వస్తుంది. తిప్పుతున్నప్పుడు గరగరమన్నా, ఒకచోట పట్టేసినట్టున్నా బేరింగులు చెడాయన్నమాట.

దించేటప్పుడు పాత నూనె కూడా చాలా చెబుతుంది. వేళ్ల మధ్య రుద్దితే తగిలే సన్నటి బూడిదరంగు పేస్టు మామూలు అరుగుదలే. మెరిసే రేకులు, తునకలు కనబడితే పన్ను గానీ బేరింగు గానీ విరుగుతోందని అర్థం.

పని మాత్రం చదునైన నేల మీద, చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలిపి చెయ్యాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకూడదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేశాక హ్యాండ్‌బ్రేకు మీదా గేరు మీదా భరోసా పెట్టుకోవడానికి లేదు. గేరుకూ చక్రానికీ మధ్య లంకె అప్పుడు తెగిపోయి ఉంటుంది. పెట్టెను ఛాతీ మీద ఆనించుకుని దించే సాహసం కూడా వద్దు. కింద జాకీ పెట్టి దించాలి. తిరిగి ఎక్కించేటప్పుడు ఆయిల్ సీళ్లు, రబ్బరు బుష్‌లు కొత్తవి వేస్తే మళ్లీ విప్పే పని తప్పుతుంది. ఫ్లాంజ్ రంధ్రాలు పాత షాఫ్టులకు సరిపోతాయో లేదో పెట్టె కొనే రోజే చూసుకోవాలి.

షాఫ్ట్ మీద పెయింటు గుర్తు ఎందుకు?

అనుభవం ఉన్న మెకానిక్ ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు రెండు ముక్కల మీదుగా ఒక పెయింటు గీత గీస్తాడు. ఎలా ఉన్నది అలాగే బిగించడానికని చెబుతాడు. దాని వెనక చక్కటి భౌతికశాస్త్రం ఉంది.

షాఫ్ట్ రెండు కొసల్లో యూ జాయింట్లు ఉంటాయి. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ హుక్ లోతుగా పరిశీలించిన జాయింట్ ఇదే. దీనికి ఒక వింత గుణం ఉంది. వంగి ఉన్నప్పుడు ఒకవైపు షాఫ్ట్ నిలకడగా తిరిగినా రెండోవైపు నిలకడగా తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరికి, రెండుసార్లు వెనకబడుతుంది. వంపు 10 డిగ్రీలుంటే ఈ హెచ్చుతగ్గు ఒకటిన్నర శాతమే. 20 డిగ్రీలకు 6 శాతం దాటుతుంది.

రెండో కొసన మరో జాయింట్‌ను సరైన దిశలో పెట్టి, రెండుచోట్లా వంపు సమానంగా ఉంచితే మొదటిది చేసిన తప్పును రెండోది సరిగ్గా రద్దు చేస్తుంది. స్ప్లైన్ దగ్గర ఒక్క పన్ను తప్పి బిగించినా ఆ రద్దు పూర్తిగా జరగదు. కొత్త పెట్టెను కొంచెం వాల్చి బిగించినా, సస్పెన్షన్ ఎత్తు పెంచినా రెండు కోణాలూ తేడా అవుతాయి. బండి ఒక వేగం దాటాక అదురుతుంది. ఆ అదురు ముందు క్రాస్ బేరింగులను, తర్వాత ఆయిల్ సీళ్లను తినేస్తుంది. పెట్టె మార్చాక కొత్తగా వణుకు మొదలైతే చక్రాల బ్యాలెన్సింగ్ కంటే ముందు చూడాల్సింది ఈ కోణాలనే.

బలం వెళ్లి ఎక్కడ ఆగుతుంది?

ట్రాన్స్‌ఫర్ కేస్ పెంచిన టార్క్ దాని ముందున్న గేర్‌బాక్స్ మీద పడదు. వెనకాల వచ్చేవాటి మీదే పడుతుంది. అవి ప్రొపెల్లర్ షాఫ్టులు, డిఫరెన్షియల్, యాక్సిల్ షాఫ్టులు. 11 శాతం పెంపును అవి తట్టుకోవచ్చు. 4.16 నిష్పత్తి గేర్లయితే అదే ఇంజిన్ యాక్సిల్ వైపు పంపగల టార్క్ 1.8 రెట్లు దాటుతుంది.

బురదలో దీనివల్ల పెద్ద నష్టం ఉండదు. టార్క్ హద్దు మీరగానే టైరు జారిపోతుంది. అక్కడ నేల పట్టే ఫ్యూజులా పనిచేస్తుంది. చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే జారే వీలుండదు. అప్పుడు వరుసలో బలహీనమైన భాగం విరుగుతుంది. అది సాధారణంగా యాక్సిల్ షాఫ్టో యూ జాయింటో అవుతుంది.

పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడపకూడదనడానికీ కారణం ఇలాంటిదే. ఈ పాత పెట్టెల్లో ముందు, వెనక షాఫ్టులు కట్టేసినట్టు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు పెద్ద వలయం మీద, వెనకవి చిన్న వలయం మీద పోతాయి. ఆ తేడాకు మట్టి నేల జారి చోటిస్తుంది, తారు ఇవ్వదు. తేడా అంతా షాఫ్టుల్లో మెలికగా పేరుకుపోతుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంది, లివర్ బయటికి రానంటుంది.

చట్టం మాట

అరిగిన భాగం స్థానంలో అదే రకం భాగం వేయడం మరమ్మతు. తయారీదారు ఇచ్చిన లక్షణాలను మార్చడం వేరు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహనాల మార్పులపై హద్దులు పెట్టింది. తయారీదారు అసలు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. కాబట్టి వేరే నిష్పత్తి పెట్టె, కొలత మారిన టైర్లు వేసే ఆలోచన ఉంటే ముందుగా రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. ప్రమాదం జరిగాక బీమా దగ్గర ఈ ప్రశ్న ఎదురయ్యేకంటే అదే మేలు.

ఇందులో భద్రత కోణమూ ఉంది. టైరు వ్యాసం 12 శాతం పెరిగిన బండిలో స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే బండి నిజంగా పోతున్నది 67 కిలోమీటర్ల వేగంతో. అదే బ్రేకు పెద్ద టైరును ఆపాలంటే ఇంకా గట్టిగా నొక్కాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ మార్పిడి ఇంజిన్ వైపు లెక్కను సరిచేస్తుంది గానీ, ఈ రెండింటినీ సరిచేయదు.

సఫారీలో మనుషులను తిప్పే బండికైనా, కొండ మీద సామాను మోసే బండికైనా మొదట కావాల్సింది లో గేర్ జారకుండా నిలిచే, సరైన నూనెతో ఉన్న, కోణం తప్పకుండా బిగించిన పెట్టె. దాని నిష్పత్తి 2.268 అయినా 2.511 అయినా తేడా గంటకు 300 మీటర్లు. అది లోలో నిలబడుతుందా, జారుతుందా అన్నది మాత్రం వాలు మీద ప్రాణాలకు సంబంధించిన తేడా.